ఊద దిగిన జుట్టు

వెలుగు కాలం, చివరి నెల, మొదటి వారం

రెండో గట్టు ఊరు, తలగది. రాస్తున్నది తాయారు.

ఇవాళ కొందరికి తలస్నానం, ఇద్దరికి కత్తిరింపు, ఒక పెళ్ళికూతురికి జడ. వాడిన సరుకులు: 'మెత్తన' అనే రకం షాంపూ, అదే రకం క్రీము, అవిసె గింజల జిగురు. నీళ్ళు ఎప్పటిలాగే మనిషికి మూడు చెంబులు. తలగదిలో ఏం వాడినా రాసిపెట్టమని మొదటి గట్టు ఆఫీసు వాళ్ళ నియమం, ఎందుకంటే తల కడిగిన నీళ్ళు ఇక్కడ మళ్ళీ మొక్కల గదికి పోతాయి. వాళ్ళు సరుకులే రాయమన్నారు. నేను మనుషుల్ని కూడా రాస్తాను. చదవడం ఇష్టం లేనివాళ్ళు ఆ వాక్యాలు దాటేసుకోవచ్చు.

పెళ్ళికూతురి జడకే సగం రోజు పోయింది. ఈ నేల మీద బరువు తక్కువ, జుట్టు కిందకి వాలదు. వదిలేస్తే తల చుట్టూ లేచి నిలబడుతుంది. అందుకే అవిసె గింజలు మరగబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, గోరువెచ్చగా ఉండగానే పాయపాయకీ రాయాలి. జిగురు ఎక్కువైతే ఎండి పొట్టు రాలుతుంది. తక్కువైతే తాళి కట్టే వేళకి జడ లేచి పంతులుగారి ముక్కు గీరుతుంది. ఇంతకుముందు ఒకసారి అలా అయ్యింది కూడా. ఆ అపకీర్తి నాకింకా పోలేదు.

ఇంకో సంగతి. కత్తిరింపుకి కూర్చున్న ముసలాయన చెవికి కత్తెర తగిలింది. చిన్న గాటే. ఆయన నవ్వేసి, "నీకూ వయసొచ్చిందే తాయారూ" అన్నాడు. వయసు కాదు. చెయ్యి వణికింది. రాయడానికి ఇష్టం లేదు గానీ, వణికింది.

అదే నెల, రెండో వారం

ఇవాళ జుట్టు పరీక్ష రోజు.

తెల్లారేసరికే తలగది ముందు వరస. పరీక్ష రోజున అందరికీ తలంట్లు కావాలి. మనవాళ్ళు ఏ మంచి పనికైనా తలస్నానం చెయ్యకుండా వెళ్ళరు కదా, పరీక్షకి మాత్రం మాసిన తలతో ఎలా వెళతారు? మామూలు రోజుల్లో ఒక్కసారే రుద్దించుకునేవాళ్ళు ఇవాళ "ఇంకోసారి మెత్తన వెయ్యి తాయారక్కా" అని అడిగి మరీ రుద్దించుకుంటారు. తర్వాత నేను మెడ వెనక వేలెడు మందాన పాయ కత్తిరిస్తాను. డాక్టర్ ఇమ్మానుయేలు గారు దాన్ని మిషన్లో పెట్టి కాల్చి, ఎంత ఊద ఉందో చూస్తారు.

ఊద అంటే మా బోరు నీళ్ళలో ఉండే లోహం. రక్తంలో ఒక పూట కూడా నిలవదు. జుట్టులో మాత్రం దిగి కూర్చుంటుంది. పరీక్షలో హద్దు దాటినవాళ్ళని, మా ఊరి మీదుగా మొదటి గట్టుకి మంచు మోసే మంచుబండి ఎక్కించి అక్కడికి పంపిస్తారు. అక్కడ మంచు కరిగించిన నీళ్ళు. కొన్నాళ్ళు అవి తాగితే ఒళ్ళు బాగుపడుతుంది. నేను వచ్చిన కొత్తల్లో ప్రతి పరీక్షకీ కొందరు వెళ్ళేవాళ్ళు. అప్పట్లో మా అందరి జుట్టుకీ దీపం కింద చూస్తే ఊదారంగు మెరుపు ఉండేది. కొబ్బరి పీచులా గరుగ్గా కూడా ఉండేది.

ఇప్పుడు ఎవరికీ ఆ రంగు లేదు. కొన్నేళ్ళ కిందట ఒకే బండిలో బోరుకి కొత్త వడపోత, తలగదికి మూడు రకాల షాంపూ నమూనాలు వచ్చాయి. ఏది కావాలో ఊరే తేల్చుకోవాలని అందరి తలల మీదా వేసి చూశాం. ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి. ఒక వారం అంతా సగం తల మెత్తగా, సగం తల గడ్డిలా తిరిగాం. ఒకదానికి వాసన బాగుంది గానీ చుండ్రు పట్టింది. ఇంకోటి జిడ్డు. మెత్తన వేసిన వైపు మాత్రం దువ్వెన ఆగకుండా దిగింది. బోరు నీటి గరుకును వెంట్రుక లోపలినుంచి లాగేస్తుందని డబ్బా మీదే రాసి ఉంది. అందరూ చేతులెత్తారు. నేను రెండు చేతులూ ఎత్తాను.

అప్పటినుంచీ హద్దు దాటినవాళ్ళు లేరు. వడపోత పుణ్యమని అందరి నమ్మకం. ఇవాళ కూడా ఎవరూ దాటలేదు. డాక్టరు గారు బెల్లం ముక్కలు పంచబోతే పళ్ళెం చేతిలోంచి జారింది. అందరూ నవ్వుతూ ఏరుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

మూడో వారం

సుభాషిణి తన కూతురు కుందనని తీసుకొచ్చింది.

సుభాషిణి మొక్కల గదిలో పనిచేస్తుంది, నన్ను సొంత అక్కలాగే చూస్తుంది. సుభాషిణికి ముందు రెండు కాన్పులు నిలవలేదు. మూడోది కడుపులో ఉండగా మొగుడు బోరు సొరంగం కూలి పోయాడు. ఆ రోజే మొక్కుకుంది, ఈ బిడ్డ దక్కితే పుట్టువెంట్రుకలు మొదటి గట్టు గుళ్ళో ఇస్తానని. అప్పటిదాకా కత్తెర ముట్టించనని, ఏ మందూ తగలనివ్వనని. వచ్చే వెలుగు కాలంలో కుందనకి మూడో ఏడు. అప్పుడు వెళ్ళాలని ఎదురుచూస్తోంది.

"పిల్లలు దీన్ని గడ్డివాము అని ఏడిపిస్తున్నారక్కా. చిక్కు తీసి జడ వెయ్యి. షాంపూ మాత్రం వద్దు. నేను ఉత్త శనగపిండితోనే రుద్దుతున్నా."

"నూనె పెట్టొచ్చా?"

"నూనె పర్లేదు. దేవుడికీ పెడతారుగా."

కుందన నా ఒళ్ళో కూర్చుంది. తలంతా ఒకటే ముద్ద. నువ్వుల నూనె వేళ్ళకి రాసుకుని, చివర్లనుంచి మొదలుపెట్టి పైకి విడదీసుకుంటూ వచ్చాను. చిక్కు ఎప్పుడూ కిందనుంచే తియ్యాలి, పైనుంచి లాగితే ఏడుపే. పిల్ల ఏడవలేదు. నా చేతిలో దువ్వెన లాక్కుని, నాకే దువ్వుతానని గొడవ చేసింది.

ముద్ద విడిపోయి జుట్టు పరుచుకున్నాక, పాపిడి తియ్యడానికి దీపం దగ్గరికి తిప్పాను. ఊదారంగు. చివరనుంచి కుదుళ్ళ దాకా, చిక్కగా. మా ఎవరి తలలోనూ ఎప్పుడూ అంత చిక్కటి రంగు చూడలేదు.

"ఏంటక్కా అలా చూస్తున్నావ్?" అంది సుభాషిణి.

"ఏం లేదు. ఒత్తు బాగుంది."

జడ వేసి పంపించాను. దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు పారెయ్యలేదు. కాగితంలో మడిచాను.

మర్నాడు

డాక్టరు గారు ఆ వెంట్రుకల్ని కాల్చి చూశారు. మిషను తప్పేమో అని మళ్ళీ చూశారు. మిషను తప్పేం లేదు. ఊద హద్దుకి చాలా పైన ఉంది.

తర్వాత నా అలమరలోంచి మెత్తన డబ్బా తెమ్మన్నారు. దాని మీది అక్షరాలు ఇద్దరం కలిసి చదివాం.

"గరుకును లాగేసేది ఊదను వదిలిపెడుతుందా తాయారమ్మగారూ?" అన్నారు.

నేను డబ్బా మూత బిగించాను.

"పరీక్ష ముందు రెండేసి సార్లు రుద్దించుకుని వస్తారండీ" అన్నాను. "మంచి పని కదా అని."

"నాకు తెలుసు. నేనూ రుద్దించుకున్నాను."

అంటే వడపోత ఎప్పుడో చచ్చిపోయింది. మేం ఊద తాగుతూనే ఉన్నాం. ఒంట్లో ఉంది, జుట్టులోంచి మాత్రం మేమే శుభ్రంగా కడిగేసుకుని వెళ్ళి చూపించుకున్నాం. ముసలాయన చెవి మీద గాటు, డాక్టరు గారి చేతిలో పళ్ళెం, రాత్రిళ్ళు నా వేళ్ళ తిమ్మిరి, అన్నీ అదే. నాకు భయమేసింది. ఆయనకీ వేసింది, ఆయన దాచుకోలేదు.

మొదటి గట్టు ఆఫీసుకి రేడియోలో చెప్పారు. వాళ్ళు విన్నారు గానీ ఒప్పుకోలేదు. దువ్వెనకొచ్చిన వెంట్రుకలు, అందులోనూ నూనె పట్టినవి, లెక్కలోకి రావట. సాక్షుల ముందు తలనుంచి తీసిన జుట్టు కావాలి. పసిపిల్ల వెంట్రుకలు మరీ సన్నం, వాళ్ళ లెక్కకి సరిపడా తూకం రావాలంటే దాదాపు తలంతా తియ్యాలి. అది రుజువైతే ఈసారి బండి తెచ్చే మంచు మొత్తం మా ఊళ్ళోనే దించుతారు, చీకటి కాలం అంతా అదే తాగొచ్చు. రుజువు కాకపోతే ఎప్పటిలాగే బోరు నీళ్ళు. పెద్దవాళ్ళ జుట్టు చూపిద్దామంటే మెత్తన మానేసి, కొత్త జుట్టు పెరిగేదాకా ఆగాలి. అప్పటికి చీకటి కాలం వచ్చేస్తుంది. చీకటిలో బండి నడవదు. అప్పటిదాకా ఇవే నీళ్ళు తాగాలి, కుందన కూడా.

ఊరు మొత్తంలో మెత్తన తగలని తల అదొక్కటే. మిషన్లో పెట్టిన జుట్టు బూడిదైపోతుంది. గుడికి ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఆ వారమే

సుభాషిణికి చెప్పాను. మెల్లగా చెప్పాలనుకున్నాను. నాకు మెల్లగా చెప్పడం రాదు.

"నాకు చెప్పకుండా నా పిల్ల జుట్టు కాల్చారా?" అంది.

"దువ్వెనకొచ్చినవే సుభా. ఊడినవే."

"ఊడినవి కూడా దాచిపెడుతున్నా నేను. డబ్బీలో వేసి. నీకు తెలీదా?"

తెలీదు. తెలిసినా కాల్చేదాన్నేమో.

"రెండు పోయాయి. వీళ్ళ నాన్న పోయాడు. ఈ జుట్టు ఇస్తానని చెప్పి దీన్ని నిలబెట్టుకున్నానక్కా. ఇచ్చిన మాట మిషన్లో పడేసి కాల్చమంటావా? రేపు దీనికేదైనా అయితే, నువ్వు తెచ్చిస్తావా?"

"కాల్చకపోయినా అవుతుందే. ఆ నీళ్ళే దాన్ని..."

"ఇంక ఆపు."

వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు కూడా. నేను దేవుడి మీద పెద్దగా ఆశ పెట్టుకునే మనిషిని కాదు. కానీ సుభాషిణి మాటని మూఢనమ్మకం అనడానికి నాకు నోరు రాలేదు. ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

నాలుగో వారం

మెత్తన డబ్బాలకి తాళం వేశాను. ఊరంతా నా మీద విరుచుకుపడింది. పెళ్ళికూతురు, ఇప్పుడు కొత్త పెళ్ళాం, "మా ఆయన నా తల నిమిరి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు అత్తా" అని ఏడ్చింది. శనగపిండి ఇచ్చాను. తిట్టుకుంటూ పట్టుకెళ్ళింది. ఒకావిడ తిన్నగా మొహం మీదే అంది, "నువ్వు రెండు చేతులూ ఎత్తావుగా అప్పుడు" అని. ఎత్తాను.

డాక్టరు గారు అందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పారు. సుభాషిణి దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదని, ఒత్తిడి చెయ్యకూడదని గట్టిగా చెప్పారు. ఎవరూ వెళ్ళలేదు. కానీ ఆమె నడిచే దారిలో మాటలు ఆగిపోతున్నాయి. అది కూడా ఒత్తిడే.

బండి వచ్చిన రోజు

ఈ వెలుగు కాలానికి ఇదే ఆఖరి మంచుబండి. నడిపేది పోతురాజు, సుభాషిణి తమ్ముడు. మొదటి గట్టులో ఉంటాడు.

మధ్యాహ్నం ముగ్గురూ తలగదికి వచ్చారు. సుభాషిణి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కుందన మేనమామ భుజం మీద కూర్చుని కప్పు తాకాలని చూస్తోంది.

"నిన్న పలక మీద సున్నా చుట్టమన్నానక్కా" అంది సుభాషిణి. "మొన్నటిదాకా చుట్టేది. నిన్న బలపం నిలవలేదు. మళ్ళీ ఇచ్చా. మళ్ళీ పడేసింది. అది ఆట అనుకుని నవ్వుతోంది."

ఆమె చెయ్యి చాచి పిల్ల జడ విప్పింది.

"తియ్యి. దేవుడితో నేను చెప్పుకుంటా. కోపం వస్తే నా మీద రానీ."

డాక్టరు గారిని, ఇంకో ఇద్దరు సాక్షుల్ని పిలిచాం. సుభాషిణి కూతురి నుదుట కుంకుమ పెట్టింది. పీట మీద గుడ్డ పరిచి పోతురాజు కూర్చుని పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాడు. పుట్టువెంట్రుకలకి మొదటి మూడు కత్తెర్లూ మేనమామవే కదా. మూడు పాయలు తీసి పళ్ళెంలో వేశాడు. తర్వాత గుండు నా పని.

కత్తి తీశాను. నా చెయ్యి కుదురుగా లేదు. ముంజేతిని బల్లకి ఆనించి చూశాను, ఆగలేదు. డాక్టరు గారి వైపు చూశాను. ఆయన తన చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

"పోతురాజూ," అన్నాను, "నువ్వే గియ్యి."

"నేనా? నా గడ్డమే నేను సరిగ్గా గీసుకోలేనక్కా!"

"నేను చెప్తా, నువ్వు గియ్యి. పిల్లని అమ్మ ఒళ్ళోకి మార్చు. ముందు గోరువెచ్చటి నీళ్ళు తడుపు. కత్తి పడుకోబెట్టు, నిలబెట్టకు. నడినెత్తినుంచి ముందుకి. మాడు దగ్గర ఊపిరి బిగబట్టి లాగు."

మంచు నీళ్ళు తాగే మనిషి. అతని వేళ్ళు కత్తి మీద కదలకుండా నిలబడ్డాయి. గదిలో ఉన్న అందరం ఆ చేతినే చూశాం. అంత నిలకడగా ఉన్న చెయ్యి మా ఊళ్ళో చూసి ఎన్నాళ్ళయిందో. ఒక్క గాటు పడలేదు. కుందన చివరికి తల తడుముకుని "పోయింది" అంది, సంబరంగా.

జుట్టంతా పళ్ళెంలో ఊదగా మెరిసింది. సుభాషిణి ఆ పళ్ళెం రెండు చేతులా ఎత్తి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపింది. ఏం చెప్పుకుందో నేను వినడానికి ప్రయత్నించలేదు. తర్వాత ఆవిడే నడిచి వెళ్ళి డాక్టరు గారి చేతికిచ్చింది.

మర్నాడు

రుజువైంది. మంచు మొత్తం ఇక్కడే దించుతున్నారు. బోరు నీళ్ళు తాగొద్దన్నారు. చీకటి కాలానికి మనిషికి ఇంత అని పొదుపుగా పంచాలి. చాలదు, వంటకీ స్నానానికీ బోరు నీళ్ళే వాడాలి, కానీ తాగడానికి సరిపోతుంది.

హద్దు దాటింది కాబట్టి కుందన మొదటి గట్టుకి వెళుతుంది. ఇప్పుడే, ఈ బండిలోనే. ఆ ఒంటికి ఇక్కడి బోరు నీళ్ళ ఆవిరి కూడా మంచిది కాదన్నారు డాక్టరు గారు.

సుభాషిణి మూట కట్టుకుంది. రేడియోలో ఆఫీసు వాళ్ళు ఆమె పేరు అడిగారు. పోయిన పరీక్షలో ఆమె జుట్టు చూశారు. శుభ్రంగా ఉంది.

"పరీక్షలో హద్దు దాటినవాళ్ళకే చోటు. ఇక్కడ నీళ్ళు మనిషి లెక్కన ఉంటాయి. ఆవిడకి ఏమీ లేదని మీ కాగితమే చెబుతోంది" అన్నారు.

"ఆ కాగితం తప్పని రుజువు చేశాం కదా!" అని డాక్టరు గారు అరిచారు. ఆయన అరవడం నేను ఎప్పుడూ వినలేదు.

"ఆ పాప జుట్టు రుజువు చేశారు. ఆవిడది చెయ్యలేదు. కొత్త జుట్టు పెరిగాక చూపించండి. వెలుగు రాగానే మొదటి బండిలో తీసుకొస్తాం."

సుభాషిణి తన జడ ముందుకి లాక్కుని చూసుకుంది. నల్లగా, నున్నగా ఉంది. అది నా పనితనం. ఎన్నిసార్లు రుద్దానో ఆ తలని. ఆ జడ చూస్తే నాకు నా మీదే అసహ్యం వేసింది.

పోతురాజు బండిలో కుందనని తన పక్క సీట్లో పెట్టి పట్టీ బిగించాడు. "నా ఇంట్లో నా కూతుళ్ళతో ఉంటుందక్కా. నువ్వేం బెంగ పెట్టుకోకు" అన్నాడు. సుభాషిణి పిల్ల గుండు మీద నూనె రాసింది, ఎండకుండా. రాస్తూనే ఉంది. పోతురాజు చెయ్యి పట్టుకుని ఆపేదాకా రాసింది. కుందనకి బండి ఎక్కడం పండగ్గా ఉంది. కిటికీలోంచి టాటా చెప్పింది. బండి వంపు తిరిగాక ఏడుపు వినిపించిందని సుభాషిణి అంటుంది. తలుపులు మూసిన బండిలోంచి వినిపించదు. అయినా నేను కాదనలేదు.

చీకటి కాలం

ఎన్నో వారమో రాయడం మానేశాను. ఒకటే చీకటి.

తలగదిలో సరుకుల అలమర ఖాళీ. షాంపూ లేదు, క్రీము లేదు, జిగురు కూడా ఎవరూ అడగడం లేదు. జనం మాత్రం వస్తారు. తలలు చూపించుకోవడానికి. కుదుళ్ళ దగ్గర కొత్త జుట్టు ఏ రంగులో వస్తోందో చూడమంటారు. జుట్టులోకి చేరేది ఇప్పుడు తాగే నీళ్ళలోది కాదు, ఇన్నేళ్ళూ ఒంట్లో పేరుకున్నది, అది మెల్లగా బయటికి వస్తుందని డాక్టరు గారు చెప్పారు. ముందు ముసలాయనకి వచ్చింది. తర్వాత నాకు. అద్దంలో చూసుకున్నప్పుడు ఏడ్చాను. సిగ్గేం లేదు.

సుభాషిణికి రాలేదు. ఆమె ప్రతి పొద్దునా వచ్చి దీపం కింద కూర్చుంటుంది. మెడ వంచి, జుట్టు ముందుకి వేసుకుని, ఏమీ అడగదు. నేను పాయలు విడదీస్తూ వెతుకుతాను. ఊద లేకపోతే ఒళ్ళు బాగున్నట్టు. ఒళ్ళు బాగుంటే కూతురి దగ్గరికి చోటు లేనట్టు. రోజూ "ఇంకా లేదు" అనేదాన్ని. తను "పోన్లే, రేపు చూద్దాం" అని లేచి వెళ్ళిపోయేది. రేడియోలో కుందన మాటలు వినిపించారు ఒకసారి. కొత్త జుట్టు వచ్చిందట, పోతురాజు పెద్దకూతురు క్లిప్పు పెట్టిందట. నిలవడం లేదట. "అమ్మా, నువ్వొచ్చి పెట్టు" అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు సుభాషిణి అన్నం సరిగ్గా తినలేదు.

ఇవాళ పొద్దున మెడ వెనక, చెవి కింద, గోరంత మేర. మొదట నీడ అనుకున్నాను. దీపం దగ్గరికి జరిపాను. నీడ కాదు. వేలు తడి చేసి రుద్దాను. పోలేదు. ఇంకో పాయ తీశాను, అందులోనూ ఉంది.

నేను మూడో పాయ తీసేసరికి తనే అడిగింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"నిజం చెప్పు. నా కోసం చెప్పకు."

"వచ్చిందే. బాగా వచ్చింది."

"హద్దు దాటుతుందా?"

"దాటుతుంది."

సుభాషిణి వెనక్కి తిరిగి నా రెండు చేతులూ పట్టుకుంది, వణుకుతున్న చేతుల్ని, తన కళ్ళకి అద్దుకుంది. నవ్వుతోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వుతోంది. ఒంట్లో విషం ఉందని నేను చెప్పిన మాటకి. ఆ నవ్వు చూసి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ తలని దువ్వలేదు, తడపలేదు. ఒక్క వెంట్రుక కూడా రాలకుండా మెత్తటి గుడ్డ చుట్టి, మెల్లగా నడవమని చెప్పి డాక్టరు గారి దగ్గరికి పంపించాను.